రెండు గిన్నెల్లో పత్తి

పోయిన వారం మా కాలనీ కమిటీ వాళ్లు మురుగు మోరీ పని కోసం ఇళ్లవాళ్ల సంతకాలు అడుగుతూ ఒక కాగితం పట్టుకొచ్చారు. ఇల్లు నా పేరు మీద ఉంది కాబట్టి సంతకం పెట్టాల్సింది నేను. వంటింట్లో పప్పుకు పోపు వేస్తున్నాను. పొయ్యి ఆర్పి వాకిట్లోకి వచ్చేసరికి మా ఆయన నా పేరును గుండ్రటి అక్షరాలతో రాసేసి కలం మూత పెడుతున్నాడు. "గింతదానికి నువ్వెందుకు రావాలె" అన్నాడు, ఏదో మేలు చేసిన మనిషిలా. ముప్పై ఏళ్లు బడిలో ఆటలు నేర్పినదాన్ని, గట్టిగా అరవడం నాకు కొత్త కాదు. ఆ పూట మాత్రం అరవకుండా, కాగితం రేపిస్తానని చెప్పి వాళ్లను పంపేసి, దాన్ని లోపల క్యాలెండర్ వెనక పెట్టాను. ఎందుకంటే ఒకప్పుడు ఇదే పనిని నేను చేతులారా చేయించాను, అదీ రెండేళ్ల పాటు.

తెలంగాణ వచ్చిన మరుసటేడు సంగతి. కొత్తకోట దగ్గర పెద్ద రోడ్డు దిగి లోపలికి పోతే వచ్చే ఊళ్లో హైస్కూలు, అందులో నేను ఆటల టీచరును. ఆటస్థలం అంటే బడి వెనక ఖాళీ జాగా. సగం పీరియడు రాళ్లు ఏరడంతోనే గడిచిపోయేది. అయినా మగపిల్లల కబడ్డీ జట్టు గట్టిది. పట్నంలో ఒక వ్యాపారి ఏటా మగపిల్లల కోసం ఒక కప్పు నడిపేవాడు. మ్యాటు, లైట్లు, వీపు మీద పేరు రాసిన బనియన్లు, అంతా సినిమా హంగు. అంతకు ముందేడు మావాళ్లు ఫైనల్లో ఒక్క పాయింటుతో ఓడిపోయారు. ఆ ఒక్క పాయింటు మా ఇంట్లోనే తినేది, పండుకునేది. ఆఖరి కూతకు పోయి దొరికిపోయినవాడు మా అన్న కొడుకు మరి, నా దగ్గరే ఉండి చదువుకునేవాడు. ఏడాదంతా వాడు ఆ కూత గురించే మాట్లాడాడు.

ఆడపిల్లలకూ జట్టుండేది. మూడేళ్లుగా అదే జాగాలో, అవే రాళ్ల మధ్య మోకాళ్లు చెక్కుకుపోయేలా ఆడారు. కానీ ఎవరితో? వాళ్లలో వాళ్లే. వాళ్లకు ఒక్క మ్యాచూ లేదు. ఆ జట్టు కెప్టెన్ గొర్రెలు కాసే ఇంటి పిల్ల, పదో తరగతి. చీలమండ పట్టిందంటే వదిలేది కాదు. ప్రతి శనివారం గంట కొట్టాక వచ్చి, "టీచరమ్మా, మా మ్యాచ్ ఎప్పుడు?" అని అడిగేది. "వస్తది బిడ్డా" అనేదాన్ని. మూడేళ్లు అదే మాట అన్నాను. ఆఖరికి ఆ పిల్ల కనపడితే పక్కకు తప్పుకునేదాన్ని. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

ఆ ఏడు చుట్టుపక్కల బడులన్నీ కలిసి కొత్తగా ఒక లీగ్ పెట్టాయి. వస్తే రెండు జట్లతో రావాలి, లేకపోతే రావద్దు. ముందు ఆడపిల్లలు ఆడతారు, తరువాత మగపిల్లలు, ఇద్దరి పాయింట్లూ కలిపి బడి గెలుపు. మ్యాటు లేదు, లైట్లు లేవు, బనియన్లు లేవు. పైగా ఈ లీగూ, ఆ కప్పూ అవే శనివారాల్లో, పిల్లల వెంట పోవడానికి ఉన్నది నేనొక్కదాన్నే. ఏదో ఒకటి తేల్చాలి. తేల్చాల్సింది బడి కమిటీ. లీగ్‌కు పేరివ్వడానికి ఆఖరు రోజునే, ఐదింటికి గడువనగా, మూడింటికి మీటింగు పెట్టారు.

ఇక్కడ మా కమిటీ గురించి చెప్పాలి. సగం మంది ఆడవాళ్లుండాలని రూలు. మా ఊరివాళ్లు ఒకడుగు ముందుకేసి ఏడుగురినీ తల్లులనే రాయించారు. ఆడవాళ్ల మీద గౌరవం అనుకునేరు! మగవాళ్లు కుర్చీల కోసం కొట్లాడుకోకుండా ఆ ఉపాయం. మీటింగుకు భర్తలు వచ్చేవాళ్లు, చాయ్ తాగేవాళ్లు, భార్యల పేర్ల ఎదురుగా సంతకాలు పెట్టేవాళ్లు. రిజిస్టరు రాసేది నేను. "సభ్యులు హాజరైనారు" అని రెండేళ్లు నా చేతితోనే రాశాను.

ఆ రోజూ ఆరుగురు మగవాళ్లు కూర్చున్నారు. ఏడో సభ్యురాలు కెప్టెన్ వాళ్లమ్మ, ఆమె భర్త కూడా మందతోనే ఉండి రాలేదు. హెడ్మాస్టరు చెడ్డమనిషి కాదు, గొడవంటే భయం. "గెలిచేటోళ్లను ఆపి నేర్చుకునేటోళ్లను పంపుదామా?" అన్నాడు. "పోరగాండ్లు ఈసారి కప్పు తెస్తరు సారూ, రాసేయుండ్రి" అన్నాడొకతను. పది నిమిషాల్లో అయిపోయింది. వరండాలో వరసగా కూర్చున్న ఆడపిల్లలు కిటికీలోంచి అన్నీ వింటున్నారు. కెప్టెన్ నా వైపే చూస్తోంది. రిజిస్టరు నా ఒళ్లో ఉంది.

"సార్, ఈ రిజిస్టర్ల వీళ్ల పేర్లు లేవు" అన్నాను.

హెడ్మాస్టరు కళ్లజోడు తీశాడు. "ఆ రిజిస్టరు రాసింది మీరే గదమ్మా."

"నేనే. రెండేండ్ల సంది తప్పు రాసిన."

"అట్లయితే మెమో మీకే వస్తది, తెలుసుగా?"

"రానీయుండ్రి."

"మా ఆడోళ్లు పత్తి ఏరవోయిన్రు, ఇప్పుడెట్లొస్తరు?" అని ఒకతను గట్టిగానే అడిగాడు. హెడ్మాస్టరు గడియారం చూసుకుని, నాలుగున్నర లోపు వస్తే వాళ్లనే అడుగుతానని, లేకపోతే ఇప్పుడనుకున్నదే రాస్తానని తేల్చేశాడు. నేను ఆడపిల్లలకు ఏమీ చెప్పలేదు. "ఉరుకుండ్రే" అంది కెప్టెన్. అంతే, లేచి తలా ఒక చేను వైపు పరుగెత్తారు. ఆ పిల్ల మాత్రం గుట్ట అవతలికి, వాళ్లమ్మ గొర్రెలు మేపుతున్న చోటికి పోయింది. అందరికంటే దూరం అదే.

ఆ గంటసేపు నేను పడ్డ బాధ ఏ ఫైనల్లోనూ పడలేదు. మా అన్న కొడుకు మెట్ల మీద కూర్చుని, నా ముఖం చూడకుండా, "అత్తా, నువ్వు మా దిక్కా, వాళ్ల దిక్కా?" అని అడిగాడు. వాడికి కూడా అదే ఆఖరి ఏడు.

నాలుగు దాటాక ఒక్కొక్కరే వచ్చారు, నడుముకు కట్టిన ఒడి నిండా పత్తితో, చెమటతో. నాలుగూ ఇరవైకి ఆరుగురయ్యారు. చేతులు ఎత్తమంటే ఒక్కరూ ఎత్తరు. "చెయ్యి లేపితే ఇంటికాడ జవాబు జెప్పాలె టీచరమ్మా" అంది ఒకామె. అందరిలో పెద్దామె లేచి మధ్యాహ్న భోజనం కొట్టంలోంచి రెండు గిన్నెలు పట్టుకొచ్చింది. "స్టీలుది పోరగాండ్ల కప్పుకు, సత్తుది కలిసి ఆడేదానికి. ఒడిల పత్తి ఉన్నది గదా, తలా ఇంత ఎయ్యుండ్రి." మగవాళ్లను బయటికి పంపి తలుపు వేశాం. పత్తి పడితే చప్పుడు కాదు. ఎవరు ఎందులో వేశారో తలుపు అవతల ఉన్నవాళ్లకే కాదు, గోడవైపు తిరిగి నిలబడ్డ నాకూ ఈనాటికీ తెలియదు. స్టీలు గిన్నెలో మూడు. సత్తు గిన్నెలో మూడు.

హెడ్మాస్టరు లోపలికి వచ్చి, సమానమైంది కాబట్టి ముందనుకున్నదే రాస్తానని కలం తీశాడు. నాలుగున్నరకు రెండు నిమిషాలున్నాయనగా గేటు దగ్గర కెప్టెన్, వెనకే వాళ్లమ్మ. భుజాన గొంగడి, చేతిలో కట్టె, కాళ్లకు మోకాళ్ల దాకా దుమ్ము. పెద్దామె ఇంత పత్తి తీసి ఇవ్వబోతే ఆమె తీసుకోలేదు.

"దాచుడేంది? అందరి ముంగటనే జెప్త. పోరగాండ్లు యాడనన్న ఆడుకుంటరు. నా పిల్ల పది అయినంక గొర్లెంట వస్తది, నేనిగ సదివియ్యలేను. ఈ ఒక్కేడు దాన్ని ఆడనీయుండ్రి."

ఆ పిల్ల గుమ్మం పట్టుకుని ఇంకా రొప్పుతోంది. అమ్మ కోసం అంత దూరం పరుగెత్తి పోయింది, తెచ్చుకున్నది ఈ మాట. ఆ సంగతి ముందే తెలుసో, అక్కడే తెలిసిందో నాకు అర్థం కాలేదు. అడగడానికి ధైర్యం చాల్లేదు. హెడ్మాస్టరే స్కూటరు మీద పోయి, ఐదింటికి ముందే పేరిచ్చి వచ్చాడు.

మా అన్న కొడుకు వారం రోజులు కంచంలోకి చూస్తూ తిని లేచేవాడు. మొదటి మ్యాచ్‌లో ఆడపిల్లలు ఎంత ఘోరంగా ఓడారంటే, తరువాత మగపిల్లలు గెలిచినా బడి ఓడింది. వాడు బస్సులో ఒంటరిగా కూర్చున్నాడు. మూడో మ్యాచ్‌కు వచ్చేసరికి కోర్టు గీత పక్కన నిలబడి, "కాలు పట్టుండ్రే, కాలు!" అని గొంతు పోయేలా అరుస్తున్నది వాడే. ఏ కప్పూ రాలేదు. నాకు మెమో మాత్రం వచ్చింది. పరీక్షలయ్యాక ఆ పిల్లను చదివించమని వాళ్లింటికి పోయాను. వాళ్లమ్మ చల్ల ఇచ్చింది, మర్యాద చేసింది, మాట మాత్రం మార్చుకోలేదు. దారంతా ఏడుస్తూ వచ్చాను.

నిరుడు కొత్తకోట దగ్గర నా బస్సు ఆగింది. హైవే మీద గొర్రెల మంద దాటుతోంది. చెయ్యి అడ్డంపెట్టి లారీలను ఆపుతున్నది ఆ పిల్లే, భుజాన గొంగడితో. బస్సు దిగి పోయాను. "టీచరమ్మా!" అంది. "ఆ ఏడు ఆరు మ్యాచులు ఆడినవు గదా బిడ్డా" అన్నాను.

"ఐదే టీచరమ్మా. ఆరోది చీకటైందని ఆపేసిన్రు."

లారీలు హారన్లు కొడుతుంటే, ఒక్కో వేలూ ముడుస్తూ ఐదింటిలో ఎన్నెన్ని పాయింట్లో, ఎవరి కాలు ఎట్లా పట్టిందో చెప్పింది. ఆఖరి గొర్రె దాటాక మంద వెనక పోయింది.

క్యాలెండర్ వెనక కాగితం ఇవాళ తీశాను. మా ఆయన రాసింది కొట్టేసి, కింద నా సంతకం పెట్టాను. ముప్పై ఏళ్లలో నేను ఆడించిన మ్యాచులెన్నో నాకు గుర్తు లేవు. ఆ పిల్లకు దక్కినవి ఐదే. ఇన్నేళ్లలో వాటిలో ఒక్కటీ ఆ పిల్ల లెక్కలోంచి తప్పిపోలేదు.