అత్తయ్యగారి జామచెట్టుకి నేను చెప్పిన పాఠం

కాపు మీదున్న జామచెట్టును చేపల చెరువులో ముంచిన బోటనీ లెక్చరర్ని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే బెంగ పడకండి, ఆ ఘనుణ్ణి నేనే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. నాకు పెళ్లయి ఆరు నెలలు, తాడేపల్లిగూడెంలో ఉద్యోగం వచ్చి నాలుగు నెలలు. నాకు తెలియని విషయం భూమ్మీద లేదనుకునే రోజులు. మండవల్లి దగ్గర మా అత్తవారింటికి వెళ్లాను. అక్కడ చెరువు గట్టు మీద అత్తయ్యగారు పెంచిన జామచెట్టు గాలివానకి నీళ్ల మీదికి ఒరిగిపోయింది. ఆవిడ దానికి వెదురు గుంజ ఒకటి పోటు పెట్టారు. చెట్టుకి అది తొలికాపు. ఆ కాయలు ఆదివారం చర్చిలో కోతల పండుగకి కానుకగా తెస్తానని దేవుడికి మాటిచ్చారు.

బుద్ధున్న అల్లుడు చెట్టు బాగుందని చెప్పి భోజనానికి కూర్చుంటాడు. నేను పాఠం మొదలుపెట్టాను.

“అత్తయ్యగారూ, ఆ గుంజ తీసేయండి. ఒరిగిన చెట్టు పైవైపున ప్రత్యేకమైన కలప తయారు చేసుకుంటుంది. అది తాడులా లాగి చెట్టుని నిలబెడుతుంది.”

“అలాగాండీ! దానంతటదే లేస్తుందాండీ?”

“లేస్తుందండి. మీరు పోటు పెట్టారు కాబట్టే దానికి బద్ధకం వచ్చింది.”

“కాయల బరువుందండి అల్లుడుగారూ. ఆదివారం దాకా ఉంచుదామండి.”

మా ఆవిడ గ్రేస్ నా చొక్కా పట్టి లాగింది. “ఏవండీ, అమ్మ చెట్టు జోలికెళ్లకండి.”

వెళ్లాను. గుంజ పీకాను. చెట్టు కదల్లేదు. “చూశారా!” అన్నాను. పాపం అత్తయ్యగారు, చదువుకున్న అల్లుడి మాట కాదనలేక తలూపారు.

చేపల పులుసు రెండోసారి కలుపుకుంటుండగా ధబ్బుమని చప్పుడు. పరుగెత్తి చూస్తే చెట్టు సగం వేళ్లతో గట్టు పట్టుకుని, తల చెరువులో పెట్టి పడుకుంది. ఆ కలప పని చేయడానికి నెలలు, ఏళ్లు పడతాయని పుస్తకంలో ఉంది. క్లాసులో పిల్లలకి చెప్పింది కూడా నేనే. అత్తవారింట్లో గుర్తు రాలేదు, అంతే.

అత్తయ్యగారు కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. తిట్టినా బాగుండేది! నాకు నిజంగా సిగ్గేసింది. లుంగీ ఎగ్గట్టి మొలలోతు నీళ్లలో దిగి, చేతివలతో దేవాను. గట్టు మీద పోతున్న ఒకాయన సైకిలు ఆపాడు.

“ఏం పడ్డాయండి బాబూ?”

“జామకాయలండి.”

ఆయన మరో ప్రశ్న వేయకుండా సైకిలెక్కి గబగబా తొక్కేశాడు.

మొత్తానికి ఆదివారానికి బుట్ట నిండింది. చర్చిలో అత్తయ్యగారు సాక్ష్యం చెప్పడానికి లేచారు. “మా అల్లుడుగారు చాలా చదువుకున్నారండి. చెట్టు దానంతటదే లేస్తుందన్నారండి. లేవలేదండి. కానీ దేవుడి కాయల కోసం ఆయనే చెరువులో దిగారండి. ఆయన కోసం అందరూ ప్రార్థన చేయండి.”

చర్చి మొత్తం నా కోసం కళ్లు మూసుకుంది. నవ్వు ఆపుకోవడానికే సగం మంది మూసుకున్నారని నా అనుమానం.

అత్తయ్యగారు చెట్టు వేళ్ల మీద మట్టి పోసి దాన్ని బతికించుకున్నారు. నేను మూడేళ్లు ఆ గట్టు వైపు వెళ్లలేదు. ఒకరోజు ఫోను.

“అల్లుడుగారూ, జామచెట్టు కొస పైకి లేచిందండీ! అచ్చం మీరు చెప్పినట్టేనండి. ఇక మీరు గట్టు మీదికి రావచ్చండి.”

అందుచేత పాఠక మహాశయుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఈ చేతులతో ఏ చెట్టు పోటూ తీయను. తప్పనిసరిగా తీయాల్సి వస్తే అత్తయ్యగారి దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకుంటాను. అదీ కోతల పండుగ వెళ్లాకే.