మంచం మీద తెడ్లు

నేను పనిచేసే తెరచాప పడవలో, ఒడ్డుకు వెళ్లే బుల్లి పడవ తెడ్లను బిగించి ఉంచడానికి క్లిప్పులు కావాల్సి వచ్చాయి. వర్క్‌షాపులుండే గమ్హరియాలో చేయిద్దామని తెడ్లతో సహా దాని పక్కనున్న జంషెడ్‌పూర్ వెళ్లి, అక్కడి బారిడీహ్‌లో స్నేహితుడి బాబాయి ఇంట్లో దిగాను. భోజనాల దగ్గర గొప్పకు పోయి, "పడవలో తెడ్డుకి కాలు తగలకూడదు బాబాయ్, అపచారం" అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం వర్క్‌షాపు వెతుక్కుని వచ్చేసరికి, ఇంట్లో ఉన్న ఒక్క మంచం మీద, ఉతికిన దుప్పటిపై నా తెడ్లు పడుకుని ఉన్నాయి. స్టీలు ప్లాంటులో నైట్ డ్యూటీకి వెళ్లాల్సిన బాబాయి గచ్చు మీద నిద్ర పట్టక దొర్లుతున్నాడు.

"లేవండి బాబాయ్, అవన్నీ కోతలు. మా పడవలో ఇవి బాత్రూంలో, తుడుపుకర్ర పక్కన ఉంటాయి" అన్నాను. ఆ ఇంట్లో నేను చెప్పిన మొదటి నిజం అదే.

ఆయన నమ్మలేదు.

"నా నిద్ర కోసం నీ పని సామాన్ని తక్కువ సెయ్యకు బాబూ. ప్లాంటులో మేవూ అంతే. సామానుకి కాలు తగిలితే కళ్లకద్దుకుంటాం" అని అటు తిరిగి పడుకున్నాడు.

సిగ్గుతో నేనూ గచ్చు మీదే కూర్చున్నాను. తెడ్లు మాత్రం ఫ్యాను కింద హాయిగా ఉన్నాయి.