ఆయుధపూజకు గొట్టం కడిగాను

చెడ్డపనులు చేసి ఎదుటివాళ్ల కొంప ముంచినవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు. సబ్బు పెట్టి, శుభ్రంగా కడిగి మరీ ముంచినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. మా శైలజక్క పీహెచ్‌డీని దాదాపు సింకులో పారబోసిన ఘనుణ్ణి నేను. ఎలాగో చెబుతాను. తిట్టదలుచుకుంటే చివరిదాకా ఆగి తిట్టండి.

అప్పటికి నేను పీహెచ్‌డీలో కొత్తగా చేరాను. రోజూ అల్వాల్ నుంచి బస్సులో వేలాడుతూ ల్యాబుకి వచ్చేవాణ్ణి. మా ల్యాబులో చేసేది ఒక రకం వ్యవసాయం. మాలిబ్డినం పొడి ఒక గిన్నెలో, గంధకం ఇంకో గిన్నెలో పోసి, పొడుగాటి క్వార్ట్జ్ గొట్టంలోకి తోసి, ఫర్నేస్‌లో కాలుస్తాం. లేచిన ఆవిర్లను ఆర్గాన్ గ్యాసు మోసుకెళ్లి, లోపల పెట్టిన సిలికాన్ ముక్క మీద దింపుతుంది. అంతా కలిసొస్తే ఆ ముక్క మీద పొరలు పొరలుగా స్ఫటికం పెరుగుతుంది. ఒక్కో పొర మందం మూడంటే మూడు పరమాణువులు. మైక్రోస్కోపులో చూస్తే ఇరానీ హోటల్ ట్రేలో సర్దిన చిన్న సమోసాల్లా త్రికోణాలు కనిపిస్తాయి. కలిసిరాకపోతే ఏమీ కనిపించదు. ఎందుకు కనిపించలేదో చెప్పే నాథుడూ ఉండడు.

శైలజక్క చేతికి మాత్రం పంట ఎప్పుడూ తప్పేది కాదు. అక్కది బొల్లారం. నాకు ఫర్నేస్ నేర్పిన సీనియరు, మధ్యాహ్నం తన డబ్బాలో సగం నాకు పెట్టిన అన్నపూర్ణ కూడా. ఆమె థీసిస్‌కి ఇంకొక్క బ్యాచ్ శాంపిళ్లు కావాలి. దీపావళిలోగా అవి కొలతల కోసం బెంగళూరు వెళ్లాలి. ఆ గడువు తప్పితే థీసిస్ ఆగుతుంది, థీసిస్ ఆగితే చేతికొచ్చిన ఉద్యోగం పోతుంది.

ఈలోగా దసరా వచ్చింది. మా గైడ్ సార్‌ది రాజమండ్రి. సైన్సులో ఎంత గట్టివారో ఆయుధపూజ దగ్గర అంతకంటే గట్టివారు.

"ఏవయ్యా, రేపు పూజ. ల్యాబంతా శుభ్రం చేసే పూచీ నీది. ఎక్కడా మురికి కనపడకూడదు" అన్నారు.

ఆ మాట ఎవరితో అంటున్నారో పాపం ఆయనకు తెలియదు. మా నాన్నకు కార్ఖానా ఏరియాలో లేత్ షెడ్డు ఉంది. దసరా వస్తే స్పానర్లను సైతం కిరసనాయిలుతో తోమి, ముఖం కనపడేదాకా తుడిచి బొట్టు పెట్టే వంశం మాది. బెంచీలు తుడిచాను, పంపులు తుడిచాను, సిలిండర్లకు స్నానాలు చేయించాను. చివరికి ఫర్నేస్ గొట్టంలోకి తొంగిచూశాను. లోపలంతా పసుపు, నలుపు, తెలుపు మరకలు. మా నాన్న చూస్తే నన్ను ఇంట్లోకి రానివ్వడనిపించింది. గొట్టం ఊడదీసి, సబ్బు నురగతో, పొడుగు బ్రష్షుతో చేతులు పడిపోయేలా రుద్దాను. ఆరబెట్టి మళ్లీ బిగించాను. ఫర్నేస్‌కి బొట్టు పెట్టి బంతిపూల దండ వేస్తే పెళ్లికొడుకులా కళకళలాడింది.

"శభాష్. ల్యాబంటే ఇలా ఉండాలి" అన్నారు సార్. ఆ పూట నా కాళ్లు నేల మీద నిలవలేదు.

సెలవులయ్యాక శైలజక్క వచ్చి ఎప్పటిలాగే పొడులు పెట్టి కాల్చింది. ముక్క మీద ఏమీ లేదు. మళ్లీ కాల్చింది. మళ్లీ లేదు. గ్యాసు మార్చింది, పొడి మార్చింది. సిలికాన్ మాత్రం తిరుపతి గుండులా మెరుస్తూనే ఉంది.

"జెర నువ్వు చూడురా. నాకేమన్న కండ్లు పోయినయా ఏంది?"

చూశాను. "ఏం లేదక్కా. మంచిగ నీట్‌గ ఉంది."

"నీట్‌గ ఉన్నదనే కదరా నా పరేషాన్. ఫర్నేస్‌ని ఎవరన్న ముట్టిండ్రా?"

"లేదక్కా. పూజకు గొట్టం కడిగిన, అంతే."

"లోపల్నా?"

"లోపల్నే. బయట ఏముంటది కడగనీకి?" అన్నాను, మెచ్చుకుంటుందేమోనన్న ఆశతో.

అక్క స్టూలు మీద కూలబడింది. అప్పుడు వెలిగింది నాకు. బాగా పండిన దోసెల పెనాన్ని సబ్బుతో గీకి తోమితే మా అమ్మ ఎవర్నీ బతకనివ్వదు. గొట్టానికి పట్టిన మురికీ అలాంటిదే. అంతపాటి ఇంగితం నేను వంటింట్లోనే వదిలేసి వచ్చాను.

"సార్‌కి చెప్తవా అక్కా?"

"చెప్తే ఏమొస్తది? నిన్ను తిడతడు. తిడితే గొట్టం మళ్ల మురికైతదా?"

ఆ సాయంత్రం సార్ శాంపిళ్ల సంగతి అడిగితే, "ఫర్నేస్ జెర సతాయిస్తుంది సార్, చూస్తున్న" అంది. నా వైపు కన్నెత్తి కూడా చూడలేదు. తన ఉద్యోగం గాల్లో వేలాడుతుంటే నా పరువు కాపాడిన మనిషి ఆమె.

ఇక గొట్టానికి మళ్లీ మురికి పట్టించే యజ్ఞం మొదలుపెట్టాను. పొద్దున షురూ చేస్తే సాయంత్రం దాకా ఉత్త పొడులు కాల్చడమే. పసుపు వచ్చింది, నలుపు వచ్చింది, త్రికోణం ఒక్కటీ రాలేదు. దీపావళి దుకాణాలు వెలిశాయి. నాకు టపాకాయలు చూసినా అక్క గడువే గుర్తొచ్చేది.

ఒక మధ్యాహ్నం అన్నం తింటూ అక్క అడిగింది. "కడిగినప్పుడు లోపల ఎట్లుండె? మంచిగ యాది చేసుకొని చెప్పు."

"పసుపు, నలుపు ఒక పట్టాన పోలే అక్కా. నడిమిట్ల తెల్లగ పట్టింది మాత్రం మంచిది పాపం. నీళ్లు తగలంగనే కరిగిపోయింది."

అక్క చేతిలో ముద్ద ఆగిపోయింది. "నీళ్లకే కరిగిందా?"

"ఆఁ."

"గంధకం నీళ్లల్ల కరగదు. మాలిబ్డినం పొడి సుత గంత జల్ది కరగదు. అది ఉప్పురా. నాకంటె ముందు ఎవరో ఈ గొట్టంల ఉప్పు వాడిండ్రు. ఇన్ని దినాలు నా పంటకు అదే ఎరువు."

డబ్బా అలాగే వదిలేసి లేచింది. అల్మారాలోని స్వచ్ఛమైన ఉప్పు చిటికెడు తీసి మాలిబ్డినం పొడిలో కలిపి కాల్చింది. చల్లారాక ముక్కను మైక్రోస్కోపు కింద పెట్టి చాలాసేపు తల ఎత్తలేదు. నేను తెలిసిన దేవుళ్లందరికీ మొక్కేశాను. చివరికి పక్కకు జరిగి "చూడు" అంది. ఇదివరకటికంటే పెద్ద త్రికోణాలు, ముక్క నిండా. నేను అక్కడే నిలబడి సిగ్గు లేకుండా ఏడ్చాను. శాంపిళ్లు గడువులోగానే బెంగళూరు చేరాయి.

కొన్నాళ్లకు అక్క వైవా జరిగింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు అడిగారు. "ఇన్నాళ్లూ ఉప్పు లేకుండా పెంచినవారు ఉన్నట్టుండి ఉప్పెందుకు వేశారు?"

పుస్తకాల్లో చదివానని చెప్పి అక్క తప్పించుకోవచ్చు. నేను వెనక వరసలో కుర్చీ కిందికి జారుతున్నాను. అక్క నవ్వింది.

"మా తమ్ముడు ఆయుధపూజకు గొట్టం కడిగిండు సార్. వాడు కడగకపోతే దాంట్ల ఉప్పున్నదని నాకు ఎన్నటికి తెలియకపోతుండె. ఈ చాప్టర్ వాని పుణ్యమే."

హాలంతా ఒకటే నవ్వు. నవ్వనిది మా సార్ ఒక్కరే. ఆయన మెల్లగా వెనక్కి తిరిగి నా వైపు చూశారు. వైవా అయ్యాక నా దగ్గరికే వచ్చారు.

"ఏవయ్యా, ఆ గొట్టం కడిగింది నువ్వా?"

"అవును సార్."

"శభాష్ అన్నది నేనేగా" అంటూ నిట్టూర్చారు. "సరే, మూలనున్న రెండో ఫర్నేస్ ఎప్పట్నుంచో పనిచెయ్యట్లేదు. దాన్ని కూడా ఓసారి కడిగి చూడు."

అందుచేత ఆర్గాన్ సిలిండరు సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఏ గొట్టంలో మురికి కనపడినా ముందు చేతులు జోడించి దండం పెడతాను. అది ఎవరి పంటో కనుక్కున్నాకే సబ్బు తీస్తాను.