అత్తయ్య వీణా, పక్క వాటా గిటారూ

పోయిన నెల మోరిస్‌విల్‌లో మా అమ్మాయి ఇంట్లో కూర్చుని నాలో నేను గిటారు వాయించుకుంటుంటే, గిటారు క్లాసులకు వెళ్లే తన స్నేహితురాలు కాసేపు విని, "అంకుల్, ఈ స్టైల్‌ని ఏమంటారు? మీకు ఎవరు నేర్పించారు?" అని అడిగింది. నవ్వేసి మళ్లీ తీగలు మీటాను కానీ, ఆ ప్రశ్న ఇప్పటికీ నన్ను వదలడం లేదు.

అమెరికా వచ్చి బెంటన్‌విల్‌లో కాంట్రాక్టు ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, మనలో చాలామందిలాగే నేనూ పల్చటి గోడల అపార్ట్‌మెంట్‌లో ఒంటరిగా ఉండేవాణ్ణి. ఒక ఆదివారం సాయంత్రం బియ్యం కడుగుతుంటే పక్క వాటాలోంచి వీణ వినిపించింది. ఈ ఊళ్లో వీణ ఏమిటి? విజయనగరంలో మా మేనత్త సాధన చేస్తుంటే పక్కన కూర్చుని లెక్కలు చేసుకున్నవాణ్ణి. ఏనాడూ తీగ ముట్టకపోయినా ఆ నాదం చెవుల్లో ఉండిపోయింది. చేతులు తుడుచుకుని వెళ్లి తలుపు తట్టాను. తీసినాయన లారీలు నడిపి రిటైరైన ముసలాయన. గిటారును ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని, తీగల మీద ఇనప గొట్టం ముక్క జారుస్తూ చర్చి పాటలు వాయించుకుంటున్నాడట.

గిటారు నా చేతికిస్తే, అత్తయ్యలా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. ఆయన నవ్వాడే గానీ సరిదిద్దలేదు. తర్వాత నేనూ ఒకటి కొనుక్కుని, తీగలన్నీ షడ్జమానికీ పంచమానికీ శ్రుతి చేసి, చిటికెన వేలికి ఆయనిచ్చిన గొట్టం తొడిగి, మిగతా వేళ్లతో తీగను పక్కకు లాగి గమకాలు పలికించేవాణ్ణి. తప్పో ఒప్పో తెలియదు.

అత్తయ్య వాయించే కీర్తనే అనుకుని ఒకటి ఆవిడకు ఫోన్‌లో వినిపించాను.

"బావుందిరా. కానీ ఇది మన పాటేనా?" అంది.

అదే ముసలాయనకు వినిపిస్తే, మీ దేశపు పాటలు ఇలా ఉంటాయా అని అడిగాడు. మనవాళ్ల ఉగాది కార్యక్రమంలో వాయిస్తే అందరూ మర్యాదగా చప్పట్లు కొట్టారు. ఎవరికీ చెందనిదేదో పట్టుకుని వేలాడుతున్నానేమోననిపించి, గిటారు తీసి మూల పెట్టేశాను.

కొన్నాళ్లకు ముసలాయన పోయాడు. ఆయన కూతురు వచ్చి, నాన్నకు మీ వాయింపంటే ఇష్టం, చర్చిలో ఒక్క పాట వాయించమని అడిగింది. కాదనలేకపోయాను. ఆయన పాటతోనే మొదలుపెట్టాను గానీ, మధ్యలో వేళ్లు ఎప్పుడు అత్తయ్య కీర్తనలోకి జారుకున్నాయో, మళ్లీ వెనక్కి రాలేదు. అపచారం చేశానేమోనని తల ఎత్తకుండానే ముగించాను. ముందు వరసలోని ఆయన అక్కగారు లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"ఆ చివర వాయించింది మా అమ్మ పాడేది. నీకెలా తెలుసు?"

అది తెలుగు కీర్తన అని చెప్పడానికి నోరు రాలేదు. అసలు వాయించింది కీర్తనేనా అని నాకే అనుమానం పట్టుకుంది. అత్తయ్యకు చెబితే, "ఏమోరా, అయ్యుండొచ్చు" అని మాత్రం అంది.

ఇప్పుడు ఏ పాటనైనా ఫోన్‌కి వినిపిస్తే పేరూ ఊరూ క్షణంలో చెప్పేస్తుంది. మొన్న నాది వినిపించాను. అది చాలాసేపు విని, ఏమీ దొరకలేదంది. ఆ రోజుల్లో తెలియనిది మనుషుల్ని అడిగేవాళ్లం, వాళ్లకీ తెలియకపోతే కలిసి ఆశ్చర్యపోయేవాళ్లం. ఇప్పుడు అడుగుదామంటే అత్తయ్యా లేదు, ఆయనా లేడు.