లితువేనియన్ నుంచి రష్యన్‌కి

రెండు భాషలకు పెళ్లి కుదర్చడమే నోయిడాలో నా ఉద్యోగం. అనువాదకులను వెతికిపెట్టే పెళ్లిళ్ల పేరయ్యనన్నమాట. ఆ వారం ఒక లితువేనియా లినెన్ కంపెనీ కేటలాగును రష్యన్‌లోకి మార్చాలి. బట్టల సంగతి తెలిసిన అనువాదకులు ఒక్కరూ చిక్కలేదు. ఇక ఆ రోజు సాయంత్రంలోగా దొరక్కపోతే ఆ క్లయింటు పోతాడు, వాడి వెనకే నేనూ.

మయూర్ విహార్‌లో మెట్రో ఎక్కి, ఫోన్లో మా మేనేజరుకు ఇదే మొర పెట్టుకున్నాను. పక్క సీటులోని తెల్లజుట్టు విదేశీ ఆవిడకు ఆ రెండు భాషల పేర్లూ వినబడ్డట్టున్నాయి.

"మాది లితువేనియానే బేటా. ఇక్కడి కోడల్ని. ఏం కావాలి?" అంది హిందీలో.

సంచిలోంచి శాంపిల్ గుడ్డ తీసి ఇచ్చాను. బొటనవేలితో రుద్ది, చెంపకు ఆనించుకుని, తన భాషలో దాని పేరు చెప్పింది. "మా అమ్మ నేసేది."

"మరి రష్యన్‌లో ఏమంటారు ఆంటీ?" అన్నాను ఆశగా.

ఆమె బొటనవేలు ఆగిపోయింది.

"రష్యన్ బాగా వచ్చు. రష్యన్లు మా అమ్మను ఖైదీగా సైబీరియాకు పట్టుకెళ్లారు. నేను అక్కడే పుట్టాను." గుడ్డను మడతపెట్టి నా చేతిలో ఉంచింది. "ఇంకెవరినైనా చూసుకో బేటా. దీన్ని ఆ భాషలో నేను చెప్పలేను."

తర్వాతి స్టేషన్‌లో దిగిపోయింది. నేను నంబరు అడగలేదు.

"దొరికిన్రా?" అన్నాడు మేనేజరు, ఆఫీసులో అడుగుపెట్టగానే.

"దొరికారు సార్. దిగిపోయారు."

ఎప్పటిలాగే జోకనుకుని నవ్వాడు. క్లయింటు పోయాడు, నేను ఎలాగో మిగిలాను. కానీ ఇప్పటికీ ఆర్డరు కాగితం మీద, ఏ భాష నుంచి ఏ భాషకో చూపిస్తూ రెండు పేర్ల మధ్య బాణం గుర్తు వేసేటప్పుడు, అది ఎవరికి గుచ్చుకుంటుందోనని ఒకసారి ఆగి చూసుకుంటాను.