జానెడు పదును

కోడుమూరు దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పేదాన్ని. పదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. కాంతి గురించి అడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్పేది. బోర్డు మీద అంకె పడిందో, తల దించేసేది. పరీక్షలో లెక్కలున్న చోటంతా తెల్లకాగితమే. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. బద్ధకమనుకుని, నీకు లెక్కలు రావంటూ కసురుకునేదాన్ని.

శనగ విత్తే రోజుల్లో ఆమె వారం పాటు బడికి రాలేదు. వాళ్ల చేనికే వెళ్లాను. వాళ్లమ్మ తెగేసి చెప్పింది.

"పాసయితాదంటే సదివిస్తా మేడమ్. తప్పేదయితే ఈడనే పనికి పెట్టుకుంటా. ప్రీ ఫైనల్ సూసి మీరే చెప్పండి."

పక్కనే అమ్మాయి మట్టి తవ్వి, వాన తడి ఎంత లోతుకు దిగిందో చేత్తో కొలుస్తోంది.

"జానెడు పదునుండాది మా, ఇత్తనమేయొచ్చు. బెత్తెడే అయితే మొలక మాడిపోతాది."

అమ్మాయి మాట మీదే చేనంతా విత్తారు. ఈ పిల్లకు లెక్కలు రావని ఏ నోటితో అన్నానా అని సిగ్గేసింది.

విత్తు పని అయ్యాక బడికొచ్చింది. జానెడు తీగ చేతికిచ్చి, కరెంటును ఇది అయిదు ఓమ్‌ల మేర అడ్డుకుంటుందన్నాను. మూడు జానల తీగయితే?

"పదైదు," అంది వెంటనే. బెదురుతుందని, అది లెక్కేనని మాత్రం చెప్పలేదు.

ప్రీ ఫైనల్‌లో రెండు మార్కులకు అలాంటి ప్రశ్నే వచ్చింది. ఆమె పేపరు అంచున నాలుగు జానల బొమ్మ, పక్కన సరైన జవాబు, దాని మీద అడ్డంగా రెండు గీతలు ఉన్నాయి. కొట్టేసినదానికి మార్కులు వేయకూడదు. సరిగ్గా ఆ రెండు మార్కులకే తప్పింది.

పిలిచి అడిగాను. "ఎందుకు కొట్టేసినావు?"

"జానల్లో చేస్తినని మీరు నవ్వుతారని, మేడమ్."

"నేనెప్పుడు నవ్వినాను?"

"బడి తెరిచినప్పుడు. బోర్డు కాడ చేతి ఏళ్లు ఎంచుకుంటాంటే నవ్వింటిరి గదా. అందరూ నవ్విరి."

ఎంత తడుముకున్నా నాకు గుర్తు రాలేదు. గుర్తు రానందుకే ఎక్కువ బాధేసింది.

వాళ్లమ్మ ఫలితం కోసం వరండాలో నిలబడి ఉంది. బయటికి వెళ్లి, "తప్పింది మీ పాప కాదమ్మా, నేను. బడి మాన్పించొద్దు," అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది.

"అదంతా నాకు తెలీదు మేడమ్. పాసయిందా, లేదా?"