పిల్లి బతకాలని ప్రార్థన

మా పిల్లికి చొంగ కార్చే అలవాటు మొదటినుంచీ ఉంది. డెబ్భైల్లో మేము విజయవాడ వన్ టౌన్‌లో గోడౌన్ల వెనక సందులో ఉండేవాళ్లం. కుటుంబ ప్రార్థన మొదలైతే చాలు, అది నా ఐదేళ్ల కూతురి ఒళ్లో చేరి గుర్రుగుర్రుమంటూ గౌను తడిపేసేది. "ప్రార్థనంటే మనందరికంటే దీనికే ఆనందం," అని మా అత్తగారు నవ్వేవారు.

అందుకే ఆ వారం చొంగ ఎక్కువైనా ఎవరం వింతగా చూడలేదు. తర్వాత అది తీగలు సాగింది, కంపు కొట్టింది. పిల్లి పాలు ముట్టడం మానేసి, పంజాతో మూతి గోక్కోసాగింది. పాప జాలిపడి గుడ్డతో మూతి తుడవబోయింది. అది చటుక్కున వేలు కొరికేసింది.

నేను ఆ వేలికి సబ్బు పెట్టి కుళాయి కింద కడుగుతూనే ఉన్నాను. మా ఆయన పిల్లిమీద కోళ్లగంప బోర్లించి, పైన రుబ్బురోటి పొత్రం పెట్టారు.

"చొంగ కారుస్తోంది, కరిచింది. పిచ్చే, ఇంకేం కావాలి? పాపని ఆసుపత్రికి తీసుకెళ్తున్నా. నేనొచ్చేసరికి అది ఇంట్లో ఉండకూడదు."

చల్లపల్లి దగ్గర మా పుట్టింటి ఊళ్లో, పిచ్చికుక్క కరిచిన మనిషిని చిన్నప్పుడు చూశాను. దాహమని అరిచేవాడు, చెంబు చూస్తే వణికిపోయేవాడు. ఆ ముఖం స్థానంలో నా బిడ్డ ముఖం కనబడసాగింది.

గంప కిందకి గోనెపట్టా తోసి, బిగించి కట్టి, రిక్షాలో పశువుల ఆసుపత్రికి పరుగెత్తాను. గేదెను తోలుకొచ్చిన ఒకాయన గంపలోకి తొంగిచూశాడు.

"పిల్లికి వైద్యమా తల్లీ? పూటకెన్ని లీటర్లిస్తదేంటి?"

నేను డాక్టరుగారి ముందు నిలబడి, "మా పాపని కరిచిందండీ. ఇంజెక్షనిచ్చి చంపేయండి," అన్నాను.

"చంపేస్తే సాక్షిని చంపినట్టేనమ్మా," అన్నారాయన. "దానికి పిచ్చో కాదో ఇక మీకెవరు చెబుతారు? పిచ్చి ఉంటే పది రోజుల్లో అదే చస్తుంది. బతికితే పాప గురించి భయం లేదు."

తోలు గ్లౌజులు తొడుక్కుని, మనిషిచేత పిల్లిని పట్టించి దాని నోరు తెరిచారు. అంగిలికి అడ్డంగా జెల్లచేప ముల్లు. చుట్టూ చీము. పటకారుతో లాగేశారు.

"అయితే పిచ్చి కాదుగా డాక్టరుగారూ!"

"ముల్లుందని పిచ్చి లేదనలేనమ్మా. పాపకి ఇంజెక్షన్లు మానొద్దు. పిల్లి ఒళ్లో హాయిగా పడుకుని చొంగ కారిస్తే ఫరవాలేదు. తిండి మానేసి, కంపు చొంగతో మూతి గోక్కుంటే మాత్రం ఆ పూటే తీసుకురండి. నోట్లో చేతులు పెట్టకండి."

గంపతో తిరిగొచ్చిన నన్ను చూసి మా ఆయన లేచారు. "మళ్లీ తెచ్చావా!"

"దీన్ని చంపేస్తే పిచ్చుందో లేదో మనకేం తెలీదండీ. పది రోజులు చూద్దాం, ఉండనివ్వండి."

ఆయన గంప అందుకుని మూలన దించి, పైన మళ్లీ పొత్రం పెట్టారు.

బొడ్డు చుట్టూ ఇంజెక్షన్లు పొడిపించుకుని, పాప రోజూ తండ్రి భుజంమీద ముడుచుకుపోయి వచ్చేది. ఒకరోజు అడిగింది: "అమ్మా, నేను ప్రభువుకి కోపం తెప్పించానా?" ఆదివారం బడిలో పిల్లలకు పాఠాలు చెప్పే నేను పాపని ఒళ్లోకి లాక్కున్నాను.

స్త్రీల కూడికలో లేచి, "మా పిల్లి బతకాలని ప్రార్థించండి," అన్నాను.

"మనుషులకే వంతు రావట్లేదు, పిల్లికా అక్కా?" అందొకావిడ. అందరూ నవ్వారు. సంగతి చెప్పాక నవ్విన ఆవిడే ముందుగా మోకరించింది.

శత్రురాజు ముందు గడ్డం మీద ఉమ్మి కార్చుకుని, పిచ్చివాడిలా నటించి ప్రాణం దక్కించుకున్న బైబిల్లోని గొర్రెలకాపరి కథ నేను పిల్లలకి ఎన్నిసార్లో నవ్విస్తూ చెప్పాను. ఆ రోజుల్లో గంప ముందు మోకాళ్లమీద పడి, "ప్రభువా, ఇదీ నటనే కానివ్వు," అని ఏడ్చాను. పిల్లి నిద్రపోయినా, చచ్చిందేమోనని కర్రతో గంపను తట్టేదాన్ని.

పదోరోజు దాటింది. పిల్లి అన్నం తింటోంది. ఆ మాట చెప్పి, ఇంజెక్షన్లు ఇక ఆపొచ్చేమో డాక్టర్ని కనుక్కోవడానికి మా ఆయన పాపనెత్తుకుని ఆసుపత్రికి వెళ్లారు. నేను సందు చివర బస్తాల పక్కన నిలబడ్డాను. బైబిలు వాక్యం ఒక్కటీ గుర్తు రాలేదు, ప్రార్థనా రాలేదు.

చాలాసేపటికి తోపుడుబళ్ల మధ్యనుంచి పాప కనబడింది. తండ్రి వెనకాల ఎక్కడో ఉన్నారు. అది తన కాళ్లమీద తానే నడిచి వస్తోంది.